కిందింటి తాళం

"అమ్మా! కిందింటి తాతయ్య తాళం వేశాడు! ఎంత గట్టిగా వేశాడో! నువ్వు తొందరగా రా!"

అంతే. ఫోను కట్టయింది.

కళ్లద్దాల దుకాణంలో ఆమె చేతిలోని స్క్రూడ్రైవరు జారి గాజుబల్ల మీద పడింది. కొత్త ఫ్రేము పెట్టుకుని అద్దంలో చూసుకుంటున్న పెద్దాయన "ఏమైందమ్మా?" అని అడిగేసరికే ఆమె వీధిలో ఉంది.

బస్సెక్కి మళ్లీ ఫోన్ చేసింది. పాప ఎత్తలేదు.

పిల్లను లోపల పెట్టి తాళం వేశాడు! ఎందుకు వేస్తాడు? ఎవడసలు వాడు?

కిందింట్లోకి కొత్తగా దిగాడు. పలకరిస్తే పలకడు. ఎదురుపడితే తల పంకించి పక్కకు తప్పుకుంటాడు. బడి వదిలాక తను ఇల్లు చేరేదాకా పాప ఒక్కతే ఉంటుందని వాడికి తెలుసు.

ఒక్కతే.

ఈపాటికి పాప సంగీతం హోంవర్కు చేస్తుండాలి. గిన్నె మీద చెంచాతో కొట్టడం, శనగలు పోసిన సీసా ఊపడం, కాళ్లతో నేలను తడుతూ పాట పాడటం. పాప అడుగు ఎప్పుడూ పాటకన్నా ముందే పరిగెడుతుంది. అది కుదురుకుంటేనే బడి పాటల బృందంలో చోటని టీచరమ్మ తేల్చి చెప్పింది. రోజూ పొద్దున్నే తను పాప పక్కన కూర్చునేది. ఒక కన్ను గడియారం మీద, ఒక చెయ్యి జడ మీద. ఒకటీ, రెండూ అని లెక్క మొదలుపెడితే, మూడూ నాలుగూ ఒకదాన్నొకటి తోసుకుంటూ వచ్చేవి. పిల్లకు ఆ పరుగు తన నుంచే అంటుకుందని ఆమెకు లోలోపల తెలుసు. తెలిసినకొద్దీ ఇంకా తొందరపెట్టేది.

బస్సు ఆగకముందే దూకింది.

మెట్లెక్కుతూ తలెత్తి చూసింది. తమ గుమ్మం ముందు ముసలాయన. చేతిలో కర్ర. తలుపు బార్లా తెరిచి ఉంది. లోపల పాప, ముఖమంతా చెమట.

ఆమెను చూసి ఆయన నవ్వాడు.

"నవ్వుతున్నారా? నేను వస్తున్నానని తెలిసి ఇప్పుడు తెరిచారా?"

ఆయన ఆమె నోటి వంకే చూస్తూ నిలబడ్డాడు.

"మిమ్మల్నే! పిల్లతో మీకేం పని? పెద్దమనిషివేనా నువ్వు? సిగ్గులేదూ?"

"అమ్మా, అది కాదు..."

"నువ్వు లోపలికి పో! ఇంకోసారి ఈయన పేరెత్తావంటే ఊరుకోను!"

ఆయన ముఖంలో నవ్వు మెల్లగా ఆరిపోయింది. రెండు చేతులూ జోడించి, గోడ పట్టుకుని కిందికి దిగిపోయాడు.

'చూశావా, ఒప్పుకున్నాడు' అనుకుంది ఆమె. పాపను మాత్రం ఏమీ అడగలేదు. అడిగితే ఏం వినాల్సొస్తుందోనని భయం.

ఆ భయంతోనే తమకు ఇల్లు అద్దెకిచ్చి పక్కింట్లో ఉండే ఇంటావిడ దగ్గరికి వెళ్లి ఇల్లు పీకి పందిరేసింది.

"ఆయనన్నా ఉండాలి, మేమన్నా ఉండాలి!"

"ఆగవే అమ్మాయ్, ఆయన సంగతి నీకు..."

"ఆయన గురించి ఒక్క మాట చెప్పొద్దు పిన్నిగారూ. నేను వినను."

వారం తిరక్కుండా కిందిల్లు ఖాళీ అయింది.

తర్వాత కొన్నాళ్లకు బడిలో పాటల బృందాన్ని ఎంచుకున్నారు. గేటు దగ్గర టీచరమ్మ ఎదురొచ్చింది.

"మీ పాపను తీసుకున్నామండీ! ఆ పరుగంతా ఏమైపోయింది? ఇంట్లో ఎవరు కూర్చోబెట్టారు?"

"నేనేనండీ. రోజూ పొద్దున్నే..." ఆమెకు కళ్లు చెమర్చాయి.

పాప చెయ్యి విడిపించుకుంది. సందు మలుపు తిరిగాక ఆగింది.

"నువ్వు కాదు. కిందింటి తాతయ్య."

"ఏమిటీ?"

"నేను పైన కాళ్లతో తడితే నేలంతా అదిరేది. ఆయన కింద నుంచి కప్పుకి కర్ర ఆనించి, ఆ అదురుకి తాళం వేసేవాడు. నేను పరిగెత్తానంటే ఆపేసేవాడు. మళ్లీ నిదానంగా మొదలెడితే కలిసేవాడు."

ఆమె పాప ముందు మోకాళ్ల మీద కూర్చుంది.

"మరి ఆ రోజు... తాళం వేశాడని ఫోన్ చేశావు?"

"అదే చెప్పాను. ఆ రోజు పాట మొత్తం ఆపకుండా వేశాడు. నీకు వినిపిద్దామని తొందరగా రమ్మన్నాను. ఫోన్ పెట్టేసి మళ్లీ మళ్లీ పాడాను, అన్నీ అయిపోయాక ఆయనే పైకొచ్చి చప్పట్లు కొట్టాడు. అప్పుడే నువ్వొచ్చావు."

"ఇన్నాళ్లూ చెప్పలేదేమే తల్లీ?"

"పేరెత్తితే ఊరుకోనన్నావుగా."

ఆమె ఇంటికి వెళ్లలేదు. పాపను లాక్కుంటూ నేరుగా ఇంటావిడ గుమ్మంలో నిలబడింది.

"పిన్నిగారూ, కింద ఉండేవారు ఎక్కడున్నారిప్పుడు?"

"తెలీదే. ఎటు పోతున్నదీ చెప్పలేదు. అయినా ఎందుకు? ఇంకా తిట్టడం మిగిలిందా?"

"పోనీ ఫోన్ నంబరైనా ఇవ్వండి. తప్పయిపోయిందని నా నోటితో నేను చెప్పుకోవాలి. నా గొంతు ఆయన ఒక్కసారి వింటే చాలు."

ఇంటావిడ పాప తల నిమిరింది.

"నువ్వు తిట్టిందీ వినలేదు, నీ కూతురు పాడిందీ వినలేదు ఆయన," అంది మెల్లగా. "పుట్టుచెవుడే అమ్మాయ్."