నోరు జారని బండి

కార్లకు మాటలొచ్చాక బెజవాడ ఇళ్లల్లో రహస్యాలు కరువయ్యాయి. డాక్టరు మా ఇద్దరికీ నూనె వంటకాలు వద్దన్నాడు. నేను దొంగతనంగా పునుగులు తింటున్నానని మా కారే మా ఆయనకు చెప్పేసింది. పట్టుబట్టి దాన్ని అమ్మించాను.

పాత కార్ల షాపులో మా ఆయన టైర్లు తడుతుంటే, నేను ఎర్ర కారులోకి వంగి, "మీ పాత ఓనరు సాయంత్రాలు ఎక్కడికెళ్లేవాడు?" అన్నాను.

"పేకాటకండీ! ఇంట్లో మాత్రం ఆఫీసు పనని..."

తలుపు వేసేశాను. మూలనున్న బుల్లి నీలం కారునూ అదే అడిగాను.

"ఆయన సంగతి మీకెందుకమ్మా? ఎండగా ఉంది, ఎక్కండి."

"ఇదే తీసుకుందామండీ."

"ఒళ్లంతా గీతలేనే!"

"నమ్మకమైన బండి."

నెలరోజులు పునుగులు హాయిగా సాగాయి. ఓ రోజు మా ఆయన చొక్కా ఉతకబోతే గుప్పున మిరపకాయ బజ్జీల వాసన. తిన్నగా కారు దగ్గరికెళ్లాను.

"నిన్న అయ్యగారు ఎక్కడికెళ్లారే?"

"ఆయన సంగతి మీకెందుకమ్మా?"

కోపం రాబోయి నవ్వొచ్చింది. "సరేలే. సాయంత్రం మా ఇద్దరినీ ఎక్కించుకుని నీకు తెలిసిన చోటికే పోనీ."

"ఏ చోటమ్మా?" అంది, ఏమీ ఎరగనట్టు.