గట్టి పిల్ల

“ఎప్పటినుంచి ఆడుతున్నావు హర్షా?” అని అడిగింది ఏంజెలిన్ మేడం.

హర్ష గొంతు సవరించుకున్నాడు. “నాయన పోయిన కాడ్నించి మేడం. ఏడాదిన్నర.”

“ఫోన్‌లో రమ్మీయేనా?”

“ఆఁ.”

ఆత్మకూరులోని ఆ కౌన్సెలింగ్ గదికి వాళ్లు ముగ్గురూ వరికుంటపాడు నుంచి పొద్దున బస్సుకి వచ్చారు. తల్లి ఓబులమ్మ, ఇరవై మూడేళ్ల కొడుకు హర్ష, డిగ్రీ రెండో ఏడు చదువుతున్న కూతురు భవ్యశ్రీ. తండ్రి జనార్దనయ్య రోడ్డు ప్రమాదంలో పోయాక వచ్చిన ఇన్సూరెన్సు డబ్బులో అరవై వేలు కనపడలేదు. వారం కిందట బ్యాంకులో ఆ సంగతి తెలిసి ఓబులమ్మ ఇంటికొచ్చి కూలబడిపోయింది. “నేనే తీసినానమ్మా, పేకాటలో పోయినాయి” అని హర్ష ఒప్పుకున్నాడు.

ఆ రోజునుంచీ భవ్యకి ముద్ద దిగడం లేదు.

“యాక్సిడెంట్ ఎలా జరిగింది?” అంది మేడం.

ఓబులమ్మ అందుకుంది. “బద్వేలు రోడ్డులో లారీ కొట్టేసింది మేడం. బండి మీద ఆయన ఎనకాల ఈ పిల్ల ఉన్నింది. దీనికి పెద్ద దెబ్బలేం తగల్లా. నాయన తల ఒళ్లో పెట్టుకోని, అంబులెన్సు వచ్చిందాకా రోడ్డు మీదే కూర్చోనున్నింది. అయినా చూడండి, ఎంత గట్టిదో! దినాలు కాంగానే కాలేజీకి పోయింది. ఒక్కనాడూ ఏడవలా. నాకు ధైర్యం చెప్పింది ఇదే. మొగపిల్లోడు, వీడేమో ఇట్టా అయిపోయినాడు.”

భవ్య చున్నీ కొసని వేలికి చుట్టుకుంటూ నేలకేసి చూసింది.

“ఆడుతున్నప్పుడు నీకెలా ఉంటుంది హర్షా?”

హర్ష తడబడ్డాడు. “అదీ... టైంపాస్ మేడం.”

“అంతేనా?”

హర్ష చెల్లెలి వైపు చూశాడు. అన్న అవస్థ చూడలేక భవ్యే చెప్పింది. “చేతిలో ముక్కలున్నంతసేపూ ఇంకేదీ గుర్తుకు రాదంట మేడం. ఆ లారీ హారన్ చెవుల్లో మోగదంట. ఆట అయిపోతే మళ్లా మొదలవతాదంట. అందుకే ఇంకొకటి, ఇంకొకటి...”

ఓబులమ్మ కొడుకు తల నిమిరింది. “నాతో ఒక్క మాట చెప్పుంటే కదరా!”

ఏంజెలిన్ మేడం ఓబులమ్మ వైపు తిరిగింది. నిదానంగా చెప్పింది. “ఇది చెడు తిరుగుడు కాదమ్మా. బాధ ఓర్చుకోలేక పిల్లలు ఇలాంటివి పట్టుకుంటారు. తిట్టొద్దు. ప్రతి బుధవారం తీసుకురండి, నయమవుతుంది.”

“వస్తాను మేడం.” హర్ష లేచి చెల్లెలి భుజం మీద చెయ్యేశాడు. “పా భవ్యా, బస్సుకి టైమయింది.”

భవ్య లేవలేదు. కుర్చీ అంచు పట్టుకుని కూర్చుంది. నాన్న పోయిన రోజున కూడా రాని ఏడుపు ఒక్కసారిగా తన్నుకొచ్చింది. ఓబులమ్మ బిత్తరపోయి చూసింది.

“వద్దు భవ్యా” అన్నాడు హర్ష.

“అన్నకి పేకాటే రాదు మేడం, ఆడింది నేను.”