వెంకటరత్నం గారి తోపుడు బండి

బండి మళ్ళీ ఆగింది. ఈసారి చర్చి బజారు నట్టనడుమ.

వెంకటరత్నం తాళం తిప్పాడు. చప్పుడు లేదు. ఇంకోసారి తిప్పాడు. ఊహూఁ.

“బ్యాటరీ చచ్చిందర్రా! కాస్త తలో చెయ్యి వెయ్యండి,” అని కిటికీలోంచి కేకేశాడు.

వెనక సీట్లో ఉన్న ఆయన భార్య దుర్గాంబకి తల కొట్టేసినట్టయింది. నిన్న పడమటి బజార్లో ఆగింది. మొన్న పాలకేంద్రం దగ్గర. వచ్చే ఆదివారమే పంచాయతీ ఎన్నికలు. సర్పంచికి నిలబడ్డ మనిషి బండిని ఊరంతా నెట్టాల్సిందేనా? అవతల పోటీకి దిగిన సాంబయ్య కొత్త జీపులో రయ్యిన తిరుగుతున్నాడాయె.

ఇరవై మంది చేరారు. చంకలో పిల్లల్ని దించి ఆడవాళ్ళు కూడా వచ్చారు. వెంకటరత్నం స్టీరింగు పట్టుకుని ఒక్కొక్కరినీ పేరు పెట్టి పలకరించాడు.

“ఏం ఏలీయా, మోకాలి నొప్పి తగ్గిందా? పుల్లమ్మా, నువ్వెందుకమ్మా, నడుం పట్టేస్తుంది!”

పెళ్ళయి ఇరవై రెండేళ్ళయింది, నా మోకాలి సంగతి ఒక్కనాడైనా అడిగిన పాపాన పోలేదు ఈ మనిషి, అనుకుని దుర్గాంబ పళ్ళు నూరింది.

యాభై గజాలు నెట్టాక బండి గుర్రుమంది. అందరూ హోయ్‌మని అరిచారు. వెంకటరత్నం దిగి, ఎదురుగా ఉన్న హోటల్లో అందరికీ టీ చెప్పి, తనూ వాళ్ళ మధ్యే బల్ల మీద కూర్చున్నాడు. అంతలో సాంబయ్య జీపు అందరి మొహాన దుమ్ము కొట్టుకుంటూ పోయింది. అందులోంచి ఎవడో అరిచాడు.

“బండినే నడపలేనోడు ఊరినేం నడుపుతాడ్రా!”

ఆ మాట దుర్గాంబకి ముల్లులా దిగింది. ఓడిపోతే ఇక ఊళ్ళో తలెత్తుకోలేరు. ఓడగొట్టేది సాంబయ్య కాదు, ఈ దిక్కుమాలిన బ్యాటరీయే.

ఇంటికి రాగానే అందుకుంది.

“ఏమండీ, మీకు దణ్ణం పెడతా. బ్యాటరీ మార్చెయ్యండి.”

“దానికింకా ప్రాణముందే. కాసిని నీళ్ళు పోస్తే ఆర్నెల్లు లాగుద్ది.”

“చచ్చిందని ఊరంతా కేకేసింది మీరేగా?”

“కొనప్రాణంతో ఉందిలే. ఇప్పుడు ఆరొందలు పొయ్యాలా? ఎన్నికలు కానీ, చూద్దాం.”

“అప్పటిదాకా పరువుండాలిగా!”

వెంకటరత్నం నవ్వి, కండువా వేసుకుని వెళ్ళిపోయాడు. ఆ నవ్వుకి ఆవిడ ఒళ్ళు మండింది. పీనాసితనానికి ఓ వేళాపాళా ఉండక్కర్లా!

మర్నాడు నెయ్యి అమ్మిన డబ్బులు కొంగున ముడేసుకుని, ఆయనకి తెలియకుండా జగ్గయ్యపేట బస్సెక్కింది. బ్యాటరీల కొట్టు కృపారావు ముందు కూర్చుంది.

“అంబాసిడర్‌కి బ్యాటరీ కావాలి. ఎంత?”

“ఆరొందల యాభయ్యండి. ముందు పాతదాన్ని చార్జింగు పెట్టి చూస్తే...”

“చూసేదేం లేదు. రోజూ ఊరు ఊరంతా నెడుతోంది.”

“అయితే మార్చాల్సిందేనండి. ఇంతకీ ఎవరి బండండి?”

దుర్గాంబ చూసిన చూపుకి కృపారావు తడబడ్డాడు. మొగుడి పేరు నోటితో పలికే ఇంట్లో పుట్టిన మనిషి కాదావిడ.

“మా ఆయనది,” అంది. “నాలుగొందలు తీసుకో.”

“అమ్మో, నాకు పడ్డదే అయిదొందలండి!”

“పాతది నీకే ఇస్తాగా. దానికి ఎనభై తగ్గించు.”

“చచ్చినదానికి నలభై ఇస్తానండి.”

“బ్యాటరీ చస్తే అందులో సీసం చస్తుందా నాయనా?”

గంట గడిచింది. రెండుసార్లు ఆవిడ మెట్లు దిగింది. రెండుసార్లూ కృపారావే వెనక్కి పిలిచాడు. చివరికి పాతది పోను అయిదొందల పదికి బేరం తెగింది.

“శనివారం లోపు మా వత్సవాయి వచ్చి బిగించాలి.”

“సోమవారం దాకా కుదరదండి. నందిగామ వెళ్ళి అడిగినా ఇదే మాట చెప్తారు. ఎన్నికల జీపులతో ఊపిరాడట్లా. సోమవారం పొద్దున్నే వత్సవాయి సెంటర్లో బస్సు దిగుతా, ఎవరినైనా పంపండి.”

ఎంత బతిమాలినా లాభం లేకపోయింది. శనివారం ఒక్కరోజే బండి నాలుగు బజార్లలో ఆగింది. దుర్గాంబ ఆ రోజు గడప దాటలేదు. దేవుడి ముందు కూర్చుని, ఆ జీపుకి నాలుగు టైర్లూ పగలాలని మొక్కుకుంది.

ఆదివారం ఓట్లు లెక్కపెట్టారు. వెంకటరత్నం నూట పన్నెండు ఓట్లతో గెలిచాడు. చర్చి బజారు, పడమటి బజారు మొత్తం ఆయనకే గుద్దాయి. దుర్గాంబ ఆనందం పట్టలేక ఏడ్చేసింది. బండి పరువు తీసినా ఆయన మంచితనం నిలబెట్టింది తల్లీ, అని కళ్ళొత్తుకుంది.

సోమవారం పొద్దున వెంకటరత్నం వసారాలో దండలు వేయించుకుంటున్నాడు. కృపారావు కొత్త బ్యాటరీ మోయించుకుని పెరటి దారిన వచ్చాడు. కొట్టంలో బండిని చూసి ఆగిపోయాడు. బానెట్టు ఎత్తి లోపలికి చూశాడు. తలుపు తీసి డ్రైవరు సీటు కింద తడిమాడు. తర్వాత బుర్ర గోక్కున్నాడు.

“చూస్తావేంటయ్యా? తీసి అవతల పారెయ్ ఆ పీనుగని,” అంది దుర్గాంబ.

“అమ్మగారూ, ఇది నెల కిందట అయ్యగారు మా కొట్లోనే కొన్న కొత్త బ్యాటరీ అండి, స్టార్టరు తీగెకి అడ్డంగా సీటు కింద ఈ స్విచ్చి కూడా ఆ రోజే నా చేత పెట్టించుకున్నారు, ఇది నొక్కితే బండి జనం తోస్తే గానీ కదలదండి!”