కుదుపు లేని ఆట

“మళ్లా ఆగిపాయె!”

నారాయణస్వామి చేతిలోని జాయ్‌స్టిక్‌ను బల్ల మీదికి విసిరికొట్టాడు. “ఏం సాయిబూ, ప్రొద్దుటూరులో కంప్యూటర్లకు నిన్ను మించినోడు లేడంటిరే. ఇదేనా నీ పనితనం?”

తెర మీద విమానం గాలిలో నిలబడిపోయింది. ఒక్క గెంతు ముందుకు గెంతి మళ్లీ నిలబడింది. మధ్యాహ్నం తన కంప్యూటర్ల అంగట్లో ఉన్న హుమాయున్‌ను ఇద్దరు మనుషులు సుమోలో ఎక్కించుకుని, జమ్మలమడుగు దాటించి, ఈ ఇంటికి తెచ్చారు. ఎందుకో చెప్పలేదు. దారి పొడవునా అతను కలిమా చదువుకుంటూనే వచ్చాడు. పోయిన నెల వల్లూరులో సిద్దయ్య ఇంట్లో కంప్యూటరు బిగించి వచ్చిన సంగతి ఈయన చెవిన పడిందేమోనని భయం. సిద్దయ్యది అటు పార్టీ, నారాయణస్వామిది ఇటు పార్టీ. ఈ పగలో రెండు వైపులా పాడెలు లేచాయి. అక్కడ నీళ్లు తాగినవాణ్ని ఇక్కడ నమ్మరు.

తీరా చూస్తే పిలిపించింది విమానం ఆట బాగుచేయడానికి!

“మిషను పాతదన్నా. దానికి మోయలేనంత బరువు పెట్టినారు,” అన్నాడు హుమాయున్.

“ఏం బరువు?”

“ఈ మబ్బులు, నీడలు, కింద చెట్లు, ఇండ్లు... అన్నీ శానా నైసుగా కనపడేట్టు పెట్టినారు. ఒక్కో బొమ్మా గీసేకి దానికి టైము పడ్తాంది. సెకనుకు తొమ్మిది బొమ్మలు గూడా రావడంల్యా. అందుకే ఈ కుదుపులు.”

“అయితే తీసెయ్. నాకు మబ్బులొద్దు, చెట్లొద్దు. ఆగకుండా పోవల్ల, అంతే. నాది ఆగితే ఆయప్ప ఇసుక్కోని లేచిపోతాడు.”

“ఎవరన్నా?”

“ఇంటర్నెట్టులో నాతో జతగా ఎగిరేటాయప్ప. రోజూ సాయంత్రం వస్తాడు. నిన్న నా విమానం ఎనకబడిపోతే, ‘నీతో కాదులే’ అని టైపు కొట్టి ఎళ్లిపాయె.”

ఆ మాట చెప్పేటప్పుడు నారాయణస్వామి మొహం చిన్నబోయింది. బయట వరండాలో తుపాకులు పట్టుకుని మనుషులు కాపలా ఉన్న ఇంట్లో, ఆటలోంచి తోడు లేచిపోయాడని బాధపడే మనిషిని చూసి హుమాయున్‌కు వింతగా అనిపించింది. భయం కొంచెం సడలింది.

పనిలో పడ్డాడు. నీడలు తీసేశాడు. మబ్బులు పలచన చేశాడు. నీళ్ల మీది తళుకులు ఆపాడు. వెనకాల ఊరికే నడుస్తున్న ప్రోగ్రాములన్నీ మూశాడు. వేగాన్ని దాని ఇష్టానికి వదిలేస్తే ఒకసారి ఎక్కువ, ఒకసారి తక్కువ వచ్చి కుదుపు పోదు. అందుకని సెకనుకు ఇరవై ఐదు బొమ్మల దగ్గర కట్టేశాడు. చివరికి కింది ఇళ్లనూ చెట్లనూ కూడా తగ్గించాడు. ఏరూ కొండలూ తప్ప నేలంతా బోసిపోయింది.

“ఊర్లన్నీ పాయె గదన్నా!” అన్నాడు వాకిట్లోంచి తొంగిచూసిన దస్తగిరి. నారాయణస్వామి గన్‌మన్ అతను.

“పోనీ,” అన్నాడు నారాయణస్వామి.

ఈసారి విమానం నూనె మీద జారినట్టు లేచింది. కొంతసేపటికి పక్కన ఎర్ర విమానం ఒకటి వచ్చి చేరింది. దాని మీద పేరు తేలింది: గద్ద.

పోయిన నెల సిద్దయ్య ఇంట్లో ఆ పేరు టైపు చేసింది హుమాయునే. ‘ఏం పేరు పెట్టల్లన్నా?’ అని అడిగితే, ‘గొర్రెలు కాసేటప్పుడు గద్దను చూసి కుళ్లుకునేటోణ్ని, అదే పెట్టు’ అని నవ్వాడు సిద్దయ్య. వెనక గదిలో ఒక్కడే కూర్చుని, చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకుని ఆటలో పడితే, పక్కనే నిలబడి భార్య పెద్దసుబ్బమ్మ కూటికి పిలిచినా ఆయనకు వినపడలేదు.

చెప్పాలా? చెబితే తను అక్కడికి వెళ్లిన సంగతి బయటపడుతుంది. సామాన్లు సంచిలో సర్దుకోసాగాడు.

తెర కింద ఒక మాట మెరిసింది. ‘ఏందప్పా, ఈ పొద్దు శానా బాగా ఎగురుతాండావే!’

నారాయణస్వామి పకపకా నవ్వాడు. ఒక్కో అక్షరం వెతుక్కుంటూ జవాబు కొట్టాడు. ‘నిన్ను ఇడిచిపెట్టను పో.’

హుమాయున్ తెరకేసి చూశాడు. వెంట మనుషులు లేకుండా పెళ్లికి కూడా పోలేని ఇద్దరు, ఒకరెవరో ఒకరికి తెలియకుండా, రెక్కకు రెక్క ఆనించి ఆటలోని పెన్నా మీద పోతున్నారు. ఈ ఇద్దరికీ చిన్నప్పుడు చదువు చెప్పిన రామమూర్తి పంతులు పులివెందులలోనే ఉన్నాడు. రేపే వెళ్లి ఆయన చెవిన వేయాలి. ఆయన పూనుకుంటే రాజీ కుదరకపోదు. అలా అనుకోగానే మధ్యాహ్నం నుంచి పట్టుకున్న భయం ఒక్కసారిగా వదిలింది.

“మజ్జలో ఆగదు గదా?” అన్నాడు నారాయణస్వామి, చూపు తెర మీద నుంచి తిప్పకుండా.

“మీరు లేసేదాకా ఆగదన్నా.”

“ఆయప్ప లేయడు గదా?”

“ఇంత బాగా పోతాంటే ఎవరు లేస్తారన్నా?” అన్నాడు హుమాయున్ సంతోషంగా.

“పో అప్పా. మనోళ్లు అంగడి దగ్గర ఇడిచిపెడ్తారు.”

హుమాయున్ సంచి భుజానికి తగిలించుకుని గడప దాటాడు. చెప్పులు తొడుక్కుంటుంటే లోపల నారాయణస్వామి ఒక చేత్తో విమానం తోలుతూనే, ఇంకో చేత్తో సెల్‌ఫోను చెవికి ఆనించుకుని మెల్లగా అన్నాడు:

“సిద్దయ్య కూచోనుండాడు. ఇంగ లేయడు. లోపలికి పోండి.”