ఎడమకాలి బూటు

యాన్‌లీ ఎడమకాలి బూటు కనిపించడం లేదు. కుడికాలిది కాలికే ఉంది. పదకొండున్నర కొట్టిందంటే దత్తత ఆఫీసువాళ్ళు భోజనాలకి లేచిపోతారు, అప్పటికే టైము పదిన్నర. పిలార్ హోటల్ గదిలో మంచం కింద దూరింది. ఫెర్మిన్ కిటికీ తెరలు దులిపాడు. యాన్‌లీ మాత్రం కుర్చీలో కూర్చుని, బూటున్న కాలూ లేని కాలూ మార్చి మార్చి ఊపుతూ, కింద నాన్‌చాంగ్ నగరం వీధిలో పోయే స్కూటర్లు లెక్కపెట్టుకుంటోంది.

పిల్లని పెంచుకోవడానికి స్పెయిన్ నుంచి వచ్చిన ఆ దంపతుల చేతికి యాన్‌లీ వచ్చి ఒక్కరోజే అయింది. నిన్న మంగళవారం అధికారి షెన్ మేడం, కళ్ళజోడు మీదుగా చూస్తూ, ఈ పాప మీకు నచ్చిందా అని అడిగింది. నచ్చిందని పిలార్ మూడుసార్లు చెప్పింది. ఒకసారి చాలంది మేడం. పాపని ఒక రోజు దగ్గరుంచుకుని, రేపొచ్చి సంతకాలు పెట్టమంది. అప్పుడే యాన్‌లీ, దుబాసీగా వచ్చిన ఔయాంగ్ చెయ్యి లాగి చెవిలో ఏదో అడిగింది. ఔయాంగ్ నవ్వి, ఏదో చెప్పింది. ఏమడిగిందని పిలార్ ఆరా తీస్తే, చిన్నపిల్లల ప్రశ్నలండీ, మీరు ఫారాలు చూసుకోండి అంది.

ఆ సాయంత్రం అంతా బాగానే గడిచింది. నూడుల్స్ కొట్లో యాన్‌లీ ఒక చెంచాడు మిరపకాయ పచ్చడి తీసి ఫెర్మిన్ గిన్నెలో కలిపింది. ఆయన చెమటలు కక్కుకుంటూ, ముక్కు తుడుచుకుంటూ మొత్తం తినేశాడు. ఆ పిల్ల ఇంకో చెంచా వేసింది. అదీ తినేశాడు. పిలార్ నవ్వలేక పొట్ట పట్టుకుంది. అంత బాగున్న పిల్ల తెల్లారేసరికి ఇలా ఎందుకు మారిందో వాళ్ళకి అంతుపట్టలేదు.

బూటు చివరికి గదిలోని ఇనప్పెట్టెలో, పాస్‌పోర్టుల మీద, బుద్ధిగా కూర్చుని దొరికింది. ఆ పెట్టె తెరిచే అంకెలు పిల్లకెలా తెలిశాయో అడిగే తీరిక లేదు. పరుగున పదకొండుంబావుకి ఆఫీసు చేరారు. సంతకాలకి ముందు ముగ్గురూ కలిసి ఫొటో దిగాలి. ఫొటోగ్రాఫర్ మీట నొక్కినప్పుడల్లా యాన్‌లీ కళ్ళు మూసుకుంది. పదకొండు ఫొటోలు తీశాడు, పదకొండింట్లోనూ నిద్రపోతోంది. ముప్పై ఏళ్ళలో ఇలాంటి మొండి మొహం చూడలేదని ఆయన కెమెరా సర్దుకుని భోజనానికి వెళ్ళిపోయాడు.

మధ్యాహ్నం యాన్‌లీకి కడుపునొప్పి వచ్చింది. బల్లమీద మెలికలు తిరిగిపోయింది. షెన్ మేడం జాలిపడి, రేపు రమ్మంది. మెట్లు దిగగానే నొప్పి తగ్గినట్టుంది, నూడుల్స్ కొట్లో రెండు గిన్నెలు లాగించింది.

"మనం దానికి నచ్చలేదు పిలార్," అన్నాడు ఫెర్మిన్ హోటల్‌కి తిరిగొచ్చాక.

పిలార్ స్నానాలగదిలోకి వెళ్ళి, కుళాయి విప్పి, ఆ చప్పుడులో ఏడ్చింది. ఆ పిల్ల కోసం ఆవిడ నాలుగేళ్ళు ఎదురుచూసింది. పాప ఫొటో ఇంటికి వచ్చిన రోజు నుంచి అది తన కూతురే.

గురువారం పొద్దున్న ఆవిడ లేచేసరికి యాన్‌లీ అప్పటికే తయారై కూర్చుంది. కాళ్ళకి రెండు బూట్లూ ఉన్నాయి. నీళ్ళు రాసి జుట్టు నున్నగా దువ్వుకుంది. సంచీ సర్దుకుని ఒళ్ళో పెట్టుకుంది. తిరిగి అనాథాశ్రమానికే పోదామనుకుంటోంది కాబోలనుకుంది పిలార్.

టాక్సీలో ఔయాంగ్ కాగితాలు తిరగేస్తూ టక్కున ఆగింది.

"అయ్యో, నిన్ననే అయిపోయుంటే బాగుండేదండీ," అంది. "దీనికి ఇవాళ్టితో పదేళ్ళు నిండాయి. నిన్నయితే మీ సంతకాలతో సరిపోయేది. పదేళ్ళు నిండితే పిల్ల కూడా ఒప్పుకోవాలి. అది కాదంటే ఎవరూ ఏమీ చెయ్యలేరు."

పిలార్ పిల్ల వంక తిరిగింది. యాన్‌లీ అద్దంలోంచి బయటికి చూస్తూ ఏదో పాట కూనిరాగం తీస్తోంది.

ఫొటో ఒక్క నొక్కుకే వచ్చింది, ముప్పైరెండు పళ్ళూ కనిపించేలా. ఫొటోగ్రాఫర్ కెమెరా వంక, పిల్ల వంక మార్చి మార్చి చూసుకున్నాడు. షెన్ మేడం ఒక కాగితమూ ఎర్రసిరా డబ్బా ముందుకి జరిపి, బొటనవేలు ముద్ర వెయ్యమంది. యాన్‌లీ రెండు చేతులూ వీపు వెనక పెట్టుకుంది.

"ముందు అడగండి మేడం."

"ఏమని అడగాలి?"

"మొన్న వాళ్ళనడిగారుగా. అలాగే."

షెన్ మేడం కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకుంది. ఔయాంగ్ గొంతు తగ్గించి ఒక్కో మాటా స్పానిష్‌లో చెబుతోంది. పిలార్ మొగుడి చెయ్యి గోళ్ళు దిగేలా పట్టుకుంది.

"ఈ అమ్మా నాన్నా నీకు నచ్చారా?" అని అడిగింది మేడం.

యాన్‌లీ తొందరపడలేదు. ఫెర్మిన్‌ని తలనుంచి కాళ్ళదాకా చూసింది. ఆయన పొట్ట లోపలికి లాక్కున్నాడు. పిలార్‌ని ఇంకాస్త సేపు చూసింది. తర్వాత బొటనవేలు సిరాలో అద్ది, కాగితం మీద గట్టిగా నొక్కింది.

"మిరపకాయల పచ్చడి తిన్నప్పుడే నచ్చారు," అంది వేలు ఊదుకుంటూ. "కానీ అప్పటికి నాకు తొమ్మిదేళ్ళే కదా. పదేళ్ళు నిండకపోతే నన్నెవరూ అడగరని ఔయాంగ్ పిన్ని చెప్పింది."