ప్రేమమ్మ గడప

"ఏం జేస్తున్నవ్‌రా?" ప్రేమమ్మ కుట్టుమిషన్ తొక్కుతూనే లోపలి గదిలోకి కేకేసింది.

"బ్యాంకుల దూరుతున్ననే అమ్మా."

ప్రేమమ్మ కాలు ఆగిపోయింది.

పరుగెత్తి వెళ్ళి చూస్తే నోయల్ కంప్యూటర్ ముందున్నాడు. నల్లటి తెర మీద పచ్చటి అక్షరాలు చీమల్లా పారుతున్నాయి. సైరన్ మోగుతోంది.

"పరేషాన్ గాకు. గిది గేమ్. హ్యాకింగ్ నేర్పుతది. తాళం ఎట్ల తీస్తరో తెలిస్తెనే కదా, మంచి తాళం ఎట్ల ఎయ్యాల్నో తెలిసేది?"

"గేమైతే సైరన్ ఎందుకు మోగుతాంది?"

"అసలు బ్యాంకు లెక్కనే చేసిన్రు. మనుషులే అసలు మనుషుల లెక్క లేరు. వాచ్‌మన్‌కు రెండు తియ్యటి మాటలు చెప్తే పాస్‌వర్డ్ చెప్పేస్తుండు. గంత పాగల్‌గాళ్ళు యాడుంటరు? గదే రాసి పంపిన, గేమ్ చేసినోళ్ళకు."

"నాకేం తెల్వదు బిడ్డా. బంద్ చెయ్యి."

"ఇంకోటి అమ్మా. ఎవరొచ్చి ఎంత మెత్తగ అడిగినా ఇంట్ల సంగతి చెప్పకు. గేమ్‌ల మొదటి పాఠం గదే."

హెడ్‌ఫోన్లు తగిలించుకుని మళ్ళీ బ్యాంకులో దూరాడు.

డిగ్రీ చదివి ఇంట్లో కూర్చున్న ఒక్కగానొక్క కొడుకు. వాడికో నౌకరీ ఇప్పించమని ప్రేమమ్మ రోజూ ప్రార్థన చేసేది. ఆ రోజు నుంచి, ముందు జైలు తప్పించు ప్రభువా, నౌకరీ తర్వాత చూద్దాం అని మార్చుకుంది.

కొన్నాళ్ళకు ఒక మిట్టమధ్యాహ్నం వాకిట్లో ఆటో ఆగింది. పొట్టి క్రాపు, గుబురు మీసం, మెరిసే బూట్లు ఉన్న మనిషి దిగాడు.

"నోయల్ గారిల్లు ఇదేనాండీ? ఆ హ్యాకింగ్ విషయం మాట్లాడదామని హైదరాబాద్ నుంచి వచ్చాను."

పోలీసే అనుకుంది ప్రేమమ్మ. బీదర్ పోలీసులైతే కన్నడంలో గద్దిస్తారు. ఇంత మెత్తటి తెలుగులో, అదీ 'గారు' అంటున్నాడంటే చాలా పెద్ద ఆఫీసరే.

"ఏ నోయల్?"

"మీ అబ్బాయండీ."

"ఓ, మా నోయలా! ఊళ్ళె లేడు సార్. నిర్ణా ఊర్ల మేనమామ తాన, కంది చేన్ల పనికి పోయిండు."

ప్రభువా, క్షమించు.

"బ్యాంకులో దూరింది ఆయనేగా?"

"అయ్యో! వానికి కంప్యూటర్ ఆన్ జేసుడు గుడ రాదు సార్. గాంధీ గంజ్‌ల పప్పు బస్తాలు మోస్తడు."

"ఇప్పుడేగా నిర్ణా అన్నారు?"

"పొద్దుగాల గంజ్, మాపటికి నిర్ణా."

ప్రభువా, ఇది కూడా.

అతను మంచినీళ్ళడిగాడు. ఇచ్చింది. తాగుతూ గడప పక్కకు చూశాడు.

"ఇంత పెద్ద చెప్పులు ఎవరివండీ?"

"నావే సార్." నమ్మడేమోనని వాటిలో కాళ్ళు పెట్టి, టపటపలాడుతూ వాకిలి దాకా నడిచి వచ్చింది కూడా.

"వైఫై ఉన్నట్టుందే. పాస్‌వర్డ్ చెప్తారా?"

"మా ఆయనకే ఎరుక. తనెంబడే తీస్కపోయిండు."

"ఎక్కడికి?"

ప్రేమమ్మ వేలు పైకి చూపించింది. అతను మిద్దె మీదికి చూశాడు. తర్వాత అర్థమై తల దించుకున్నాడు.

భర్త జీవరాజ్ పోయిన మాట నిజమే కాబట్టి దీనికి క్షమాపణ అడగలేదు. ఆయన పోయిన రెండేళ్ళకు వైఫై పెట్టించారన్న సంగతి మాత్రం మింగేసింది.

లోపలి గదిలోంచి, హెడ్‌ఫోన్లు పెట్టుకున్న నోయల్ కీబోర్డు టకటకమని చప్పుడు చేసింది.

"అదేంటండీ?"

"ఎలుకలు." గడపకు అడ్డంగా కూర్చుని, మెడలో కొలతల టేపు సవరించుకుంది.

అతను ఖాళీ గ్లాసు ఆమె చేతికిచ్చాడు.

"అయితే నేను వెతికే నోయల్ మీ అబ్బాయి కాడన్నమాట. ఇంకొకరిని చూసుకుంటాను లెండి."

ఆటో సందు మలుపు తిరిగాక గానీ ప్రేమమ్మ ఊపిరి తీసుకోలేదు. పాపం, ఇప్పుడు ఏ తల్లి కొడుకును పట్టుకుంటాడో అనుకుంది. అయినా బీదర్ కోటను ఒంటరిగా కాపాడినంత గర్వంగా ఉంది. భయపడతాడని కొడుక్కి ఒక్క ముక్క చెప్పలేదు.

నోయల్ మాత్రం ఆ తర్వాత ఎన్నో రోజులు వీధి వైపు చూస్తూ కూర్చున్నాడు. ఎవరికోసమంటే చెప్పడు. ఆటో చప్పుడైతే చాలు, వాడు బయటికి పరుగు, ఆమె అడ్డం పరుగు.

వానలు తగ్గాక ఒకనాడు లోపలి గదిలోంచి కేక.

"అమ్మా, జల్ది రా! అచ్చం నీ లెక్కనే ఉంది!"

తెర మీద ఒక గడప. గడపకు అడ్డంగా, మెడలో టేపు వేసుకుని ఒకావిడ. కాళ్ళకు బారెడు చెప్పులు.

"గేమ్‌ల కొత్త లెవెల్. గీమెను దాటి లోపలున్న పోరన్ని కలవాలె. సూడు, పాస్‌వర్డ్ అడుగుత."

తెర మీద ఆవిడ వేలు పైకి చూపించింది.

"లోపల చప్పుడేందని అడుగుత."

"ఎలుకలు," అంది ఆవిడ.

"ఎవ్వరూ దాటలేదంట అమ్మా! గేమ్ చేసిన సార్ గుడ దాటలేదంట. నేను రాసినట్టే, మోసపోని మనిషిని పెట్టిండు!"

తెర మూలన ఆ సార్ ఫొటో ఉంది. పొట్టి క్రాపు, గుబురు మీసం.

ప్రేమమ్మ తెర దగ్గరికి వంగింది.

"గీ... గీ పోలీసాయన..."

"పోలీసేందే? గేమ్ చేసిన సారే గీయన. నేను రాసింది సదివి, ఇంటికొచ్చి మాట్లాడుత, నౌకరీ ఇస్త అన్నడు. మళ్ళ అడుగుడు బాగుండదని ఊకున్న," అన్నాడు నోయల్. "రానే లేదు. పాపం, మన ఇల్లు దొరకలేదేమో."