ఆయన వచ్చాకే పొయ్యి

ఆదివారం వచ్చిందంటే ఆ ఇంట్లో పొయ్యి వెలగదు. తల్లీ, తండ్రీ, ఏడేళ్ళ బుజ్జీ ముఖాలు కడుక్కుని నేరుగా రైతుల సంతకే పోతారు. టిఫిను అక్కడే.

సంతలో చివరి కొట్టు పుట్టగొడుగులావిడది. అడవిలో ఏరినవి వెన్నలో వేయించి, కాల్చిన రొట్టె మీద వేసిస్తుంది. ఆ వాసనకే కడుపులో పేగులు లేచి కూర్చుంటాయి.

వినడానికి విడ్డూరంగా ఉంటుంది గానీ, ఎంతమంది నిలబడ్డా ఆవిడ మాత్రం పొయ్యి వెలిగించదు. ముసలాయన రావాలి.

ఆయన కర్ర పొడుచుకుంటూ వస్తాడు. పొయ్యి పక్కనున్న ఎత్తుపీట మీద కూర్చుంటాడు. తల ఊపుతాడు. అప్పుడు ఆవిడ అగ్గిపుల్ల గీస్తుంది. మాటా ఉండదు, మంతీ ఉండదు.

ఆయన ఒక్క ముక్క తినడు. తినేవాళ్ళ నోళ్ళే చూస్తాడు. అందులోనూ పిల్లల నోళ్ళు. రెప్ప వెయ్యడు.

బుజ్జి ఆయనకి బూచితాత అని పేరు పెట్టింది.

ఓ ఆదివారం బూచితాత పీట దిగి వాళ్ళ బల్ల దగ్గరికొచ్చాడు. బుజ్జి పళ్ళెంలోంచి ఒక ముక్క తీసి, అటూ ఇటూ తిప్పి, వాసన చూసి మళ్ళీ పెట్టేశాడు.

"పోయిన వారం తిన్నాక కడుపులో నొప్పి రాలేదుగా, తల్లీ?"

"రాలేదు తాతా."

"వాంతి?"

తల్లికి ఒళ్ళు మండింది. "ఏం పెద్దాయనా, తినే పిల్ల ముందు ఏం మాటలవి?"

"ఊరికే అడిగానమ్మా."

"ఊరికేనా! మూడు నెలల్నించీ చూస్తున్నా. గుడ్లప్పగించి నా పిల్ల నోట్లోకే చూస్తావు. దానికేదో కావాలని కాచుక్కూర్చున్నట్టు! వచ్చే ఆదివారం ఇక్కడ కనపడ్డావంటే మర్యాదగా ఉండదు."

"పోనీలేవే, పెద్దవాడు," అన్నాడు తండ్రి నోటినిండా రొట్టెతో.

"మీరు ముందు నమలండి!"

ముసలాయన కర్ర అందుకున్నాడు. రెండడుగులు వేసి, ఆగి, వెనక్కి తిరిగాడు.

"సరేనమ్మా. నేను కనపడని రోజు మాత్రం పిల్లకి తినిపించకు."

ఎండలో కూర్చున్న తల్లికి వీపు మీద చన్నీళ్ళు గుమ్మరించినట్టయింది. శాపమా అది? ఆ వారమంతా బుజ్జి ఓ దగ్గు దగ్గితే చాలు, ఆ మాటే చెవిలో మోగింది.

మరుసటి ఆదివారం తొమ్మిదైంది. పీట ఖాళీ.

"హమ్మయ్య, బుద్ధొచ్చింది," అంది తల్లి. "మూడు పళ్ళేలు వెయ్యమ్మా. పిల్ల ఆకలికి నీరుగారిపోతోంది."

పుట్టగొడుగులావిడ కదల్లేదు. గేటు వైపే చూస్తోంది. గుప్పిట్లో అగ్గిపెట్టె చెమటకి మెత్తబడిపోయింది.

"నిన్నేనమ్మా!"

"ఆయన రాలేదక్కా."

"నేనే రావద్దన్నాను. అలిగాడేమో. ఆయన అలిగితే సంతంతా పస్తుండాలా?"

"అలిగేవాడు కాదక్కా ఆయన."

తొమ్మిదిన్నరకి ఆవిడ లేచింది. నిండు బుట్ట ఎత్తి చెత్త డ్రమ్ములో బోర్లించింది. ఎవరూ ఏరుకోకుండా పైన కిరసనాయిలు పోసింది.

బుజ్జి ఏడుపు లంకించుకుంది.

"నీకేమైనా పిచ్చా? నిగనిగలాడుతున్నాయి కదే!"

"మంచివీ అలాగే ఉంటాయి, విషానివీ అలాగే ఉంటాయక్కా. శుక్రవారం ఏరిన బుట్టలోంచి రకానికి కాసిని తీసి ఆయనకిస్తాను. శనివారం పొద్దున్నే వండుకు తింటాడు. ఒక పగలూ ఒక రాత్రీ గడిచి, ఆదివారం తన కాళ్ళ మీద తను నడిచొస్తేనే నేను పొయ్యి వెలిగించాలి. వద్దని కాళ్ళావేళ్ళా పడ్డా వినలేదు. పన్నెండేళ్ళయింది, ఒక్క వారం తప్పలేదు."

తల్లి చేతిలో సంచీ జారింది. నారింజపళ్ళు దొర్లిపోతున్నా వంగలేదు.

"ఇల్లెక్కడ?" అంది.

బుజ్జిని తండ్రి చేతిలో పెట్టి ఆవిడ వెంట పరిగెత్తింది. సంత వెనక సందు. ఇరుకు మెట్లు. తలుపు దగ్గరగా వేసి ఉంది.

మంచం పక్కన నేల మీద పడి ఉన్నాడు ముసలాయన. పుట్టగొడుగులావిడ చెయ్యి పట్టుకు చూసి, మెల్లిగా వదిలేసింది. ఆ చెయ్యి ఎప్పుడో చల్లబడిపోయింది.

కింద సందు మొదట్లోంచి బుజ్జి ఆకలి ఏడుపు వినిపిస్తూనే ఉంది. తల్లి గోడకి ఆనుకుని ఆ ఏడుపే విన్నది. అంత తియ్యగా అది ఎన్నడూ వినపడలేదు.

అప్పుడు బల్ల కనపడింది. దాని మీద నాలుగు పళ్ళేలు. ఒకటి ఎంగిలిది. మిగతా మూడూ కడిగి బోర్లించినవి. ఆ మూడింట్లో రెండు చిన్నపిల్లలవి.

"ఎవరున్నారమ్మా ఈయనకి?" అంది తల్లి.

"ఆ కొట్టు ఆయనదేనక్కా," అంది పుట్టగొడుగులావిడ. "పన్నెండేళ్ళ కిందట ఇలాంటి ఆదివారమే, తన చేత్తో ఏరి తన చేత్తో వేయించిన మొదటి మూడు పళ్ళేలూ పెళ్ళానికీ ఇద్దరు పిల్లలకీ పెట్టి, బేరాల హడావుడిలో తను మాత్రం తినకుండా ఉండిపోయిన మనిషి."